ఒకే పాట, ఎన్నెన్ని నిడివులు

"పాటను చెవులతో వింటారు గానీ గడియారంతో వింటారా?" అని నాన్నగారు ఒకసారి మమ్మల్ని అడిగారు. అప్పుడు మేమిద్దరం జవాబు చెప్పలేక ఊరుకున్నాము. ఇప్పుడు చెబుతున్నాము. గడియారంతో కూడా వినవచ్చు. కాకపోతే గడియారం చూపించిన అంకె దగ్గరే ఆగిపోకూడదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదే.

ముందు మా సంగతి. మేము అన్నాచెల్లెళ్ళం. ఒకరిది పదకొండో తరగతి, ఒకరిది ఎనిమిదో తరగతి. నాన్నగారిది బదిలీల ఉద్యోగం. ఇప్పటికి అయిదు కేంద్రీయ విద్యాలయాలు చూశాము. మూడేళ్ళ కిందట జబల్‌పూర్‌లో ఉన్నప్పుడు మా క్వార్టర్స్ పై అంతస్తులో ఒక అంకుల్ ఉండేవారు. ఆయనది షిల్లాంగ్. ఆ ఊళ్ళో రాక్ సంగీతం అంటే ఎంత ప్రాణమో ఈశాన్యంలో చదివి వచ్చిన మిత్రులకు చెప్పనక్కరలేదు. అక్కడి గాయకుడు లూ మాజా 1972లో మొదలుపెట్టి ఏటా మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజును పాటలతో జరుపుతూ వచ్చారు. అలాంటి ఊళ్ళో పెరిగిన అంకుల్ ఇంట్లో అట్టపెట్టెల నిండా క్యాసెట్లు ఉండేవి. వాటి పక్కన ఒక పొడవాటి నోటుబుక్కు కూడా ఉండేది.

మొదటిసారి ఆ నోటుబుక్కు చూసినప్పుడు పాల లెక్కో, కిరాణా పద్దో అనుకున్నాము. నాలుగు గడులు గీసి ఉన్నాయి. తేదీ, ఊరు, నిడివి, రిమార్కు. పేజీల కొద్దీ అంకెలే. 23 నిమిషాలు, 31 నిమిషాలు, 48 నిమిషాలు. "ఇన్ని పాటల నిడివి ఎందుకు రాశారు అంకుల్?" అని అడిగాము. "ఇన్ని పాటలు కాదు, ఒకటే పాట" అన్నారు ఆయన.

ఆ పాట పేరు 'డార్క్ స్టార్'. వాయించినవారు గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బృందం. 1965లో కాలిఫోర్నియాలో మొదలైన ఈ బృందం, 1995లో గిటారిస్టు జెర్రీ గార్సియా చనిపోయేదాకా సుమారు 2,300 కచేరీలు చేసింది. వాళ్ళకు రెండు అలవాట్లు ఉండేవి. ఒకటి, ప్రతి రాత్రీ పాటల వరస మార్చేవారు. రెండు, పాట నడుమ అప్పటికప్పుడు కల్పించి వాయించేవారు. 'డార్క్ స్టార్'లో పాడే మాటలు చాలా తక్కువ. రెండు చిన్న చరణాలు, అంతే. వాటిని రాసిన రాబర్ట్ హంటర్ బృందంతో కలిసి వేదిక ఎక్కి వాయించేవాడు కాదు. ఆ చరణాలకు ముందు ఏం వాయించాలి, వాటి మధ్య ఏం వాయించాలి, తరువాత ఎటు వెళ్ళాలి అన్నది ఆ రాత్రి వాళ్ళకు తోచినదాన్ని బట్టే. అందుకే ఈ పాటకు ఒక నిడివి అంటూ లేదు.

1968లో చిన్న రికార్డుగా విడుదలైనప్పుడు ఈ పాట మూడు నిమిషాల లోపే. మరుసటి ఏడాది ఫిబ్రవరి 27న శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ వెస్ట్ అనే హాల్లో వాయించినప్పుడు అదే పాట 23 నిమిషాలు దాటింది. 'లైవ్/డెడ్' అనే ఆల్బంలో అది రికార్డు ఒక వైపంతా ఆక్రమించింది. 1972 మే 11న నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్‌లో వాయించినది సుమారు 48 నిమిషాలు. అంటే నాలుగేళ్ళలో పాట పదహారు రెట్లకు పైగా పెరిగింది. మాటలు మాత్రం ఒక్కటీ పెరగలేదు.

ఈ బృందం ఆ పాటను 200 సార్లకు పైగా వాయించింది. చాలావాటికి రికార్డింగులు ఉన్నాయి. అంకుల్ నోటుబుక్కులో డెబ్బై నాలుగు ఉండేవి. క్వార్టర్స్‌లో అందరూ ఆయన్ని మంచివాడనేవారు, ఆ నోటుబుక్కును మాత్రం పిచ్చి అనేవారు. ఒకే పాటను డెబ్బై నాలుగు సార్లు వినడం ఏమిటి, విన్నా నిమిషాలు లెక్కపెట్టడం ఏమిటి అని వాళ్ళ ప్రశ్న. నిజం చెప్పాలంటే మొదట్లో మేము కూడా మెట్ల మీద నవ్వుకున్నాము.

మా నవ్వు ఆగింది వేసవి సెలవుల్లో. బయట ఎండ, ఆడుకోవడానికి ఎవరూ లేరు. అంకుల్ మా చేతికి రెండు క్యాసెట్లు, ఒక టేప్‌రికార్డరు ఇచ్చి, "మీరే కొలవండి, నా లెక్కతో కలుస్తుందేమో చూడండి" అన్నారు. గోడ గడియారం ముందు కూర్చున్నాము. అయిదు నిమిషాలలోనే మొదటి చిక్కు వచ్చింది. పాట ఎక్కడ మొదలైనట్టు? వాళ్ళు తీగలు సరిచేసుకుంటున్నారు. ఒకరు రెండు స్వరాలు వాయించి ఆపారు. ఇంకొకరు ఏదో అందుకున్నారు. డ్రమ్ము ఒకసారి మోగింది. అన్న గడియారం నొక్కిన చోటికీ చెల్లెలు నొక్కిన చోటికీ నిమిషంన్నర తేడా. ఇద్దరం పోట్లాడుకుంటూ పైకి వెళ్ళాము. అంకుల్ నవ్వి, "ఇప్పుడు మీరు వినడం మొదలుపెట్టారు" అన్నారు.

ఇది మేము నేర్చుకున్న మొదటి విషయం. నిడివి కొలవాలంటే మొదలూ చివరా తెలియాలి. అవి తెలియాలంటే శ్రద్ధగా వినాలి. ఊరికే పాట పెట్టుకుని హోంవర్కు చేసుకునేవాళ్ళకు మొదలెక్కడో తెలియనవసరం లేదు. గడియారం పట్టుకున్నవాళ్ళకు తప్పదు.

'లైవ్/డెడ్' రికార్డులోనే చూడండి. అందులో పాట ఒక స్వరంతో టక్కున మొదలవదు. అప్పటికే సాగుతున్న సంగీతం మెల్లమెల్లగా మనకు వినబడుతూ వస్తుంది. ఆ రాత్రి దీనికి ముందు వేరే పాట వాయించారు. ఆ పాట ముగింపులోంచే ఇది పుట్టింది. చివర కూడా అంతే, ఇది అయిపోకుండానే తరువాతి పాటలోకి జారుతుంది. రికార్డు తయారుచేసినవారు ఒక చోట గీత గీసి 'ఇది పాట' అన్నారు. 23 నిమిషాలు అన్నది వాయించినవారి లెక్క మాత్రమే కాదు, గీత గీసినవారి లెక్క కూడా.

ఇంకా చిక్కైన ఉదాహరణ ఒకటి ఉంది. 1971 ఫిబ్రవరి 18న న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్ చెస్టర్‌లో 'డార్క్ స్టార్' మొదలుపెట్టి, మధ్యలో 'వార్ఫ్ ర్యాట్' అనే కొత్త పాటలోకి వెళ్ళారు. ఆ పాటను జనం ముందు పాడడం అదే మొదటిసారి. అది అయ్యాక మళ్ళీ 'డార్క్ స్టార్'లోకి తిరిగి వచ్చారు. ఇప్పుడు నిడివి ఎంత? రెండు ముక్కలూ కలపాలా? నడుమ వచ్చిన పాటను కూడా కలపాలా? లేక రెండు వేరు వేరు ఎంట్రీలు రాయాలా? రాటర్‌డ్యామ్ రికార్డింగులో కూడా నడుమ డ్రమ్ములు మాత్రమే మోగే భాగం ఉంది. దాన్ని కలిపితేనే 48. కలపకపోతే తగ్గుతుంది. కాబట్టి 'ఇదే అన్నిటికన్నా పొడవైనది' అని ఎవరైనా గట్టిగా అంటే, 'ఏ లెక్కన?' అని అడగడం మనకు అలవాటు కావాలి. ఈ ప్రశ్న పాటలకే కాదు, పరీక్షల ర్యాంకులకూ క్రికెట్ రికార్డులకూ కూడా పనికొస్తుంది.

రెండో విషయం. నిడివిని చాలాసార్లు సంగీతం నిర్ణయించదు, యంత్రం నిర్ణయిస్తుంది. నిమిషానికి 45 సార్లు తిరిగే చిన్న రికార్డులో ఒక వైపు మూడు నాలుగు నిమిషాలకు మించి సరిగ్గా పట్టదు. అందుకే 1968లో ఆ పాట అంత పొట్టిది. పెద్ద ఎల్పీ రికార్డులో ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది. ఇంకా ఎక్కువ పట్టించాలంటే గాడులు దగ్గర దగ్గరగా వేయాలి, శబ్దం బలహీనపడుతుంది. ఇక తొంభై నిమిషాల క్యాసెట్టులో ఒక వైపు 45 నిమిషాలు. రాటర్‌డ్యామ్ పాట 48. అంటే ఒక్క పాట వినడానికి మధ్యలో లేచి క్యాసెట్ తిప్పాలి! అంకుల్ నోటుబుక్కులో ఆ ఎంట్రీ పక్కన రిమార్కు గడిలో రెండే మాటలు ఉండేవి: 'టేపు తిప్పాలి'.

స్పూలు టేపుల కాలంలో ఇంకో ఇబ్బంది. 1,200 అడుగుల టేపు సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో తిరిగితే ఎంతసేపు వస్తుందో లెక్క కట్టండి. అడుగుకు 12 అంగుళాలు. మొత్తం 14,400 అంగుళాలు. ఏడున్నరతో భాగిస్తే 1,920 సెకన్లు, అంటే 32 నిమిషాలు. ముప్పై రెండో నిమిషంలో స్పూలు మార్చాలి. మార్చేవాడి కోసం వాయించేవాళ్ళు ఆగరు. ఆ కాసేపటి సంగీతం టేపు మీద ఉండదు. నోటుబుక్కులో ఇలాంటి వాటి పక్కన 'మధ్యలో తెగింది' అనీ, రికార్డు చేసేవారు ఆలస్యంగా మీట నొక్కిన వాటి పక్కన 'మొదలు లేదు' అనీ ఉండేది. అలాంటి ఎంట్రీలో అంకె కింద అంకుల్ ఒక గీత గీసేవారు. ఉన్నది ఇంత, జరిగింది ఇంతకన్నా ఎక్కువ అని దాని అర్థం.

ఈ టేపులు ఎక్కడివి అని మీకు అనుమానం రావచ్చు. మామూలుగా కచేరీలలో ప్రేక్షకులు రికార్డు చేసుకుంటే నిర్వాహకులు ఊరుకోరు. ఈ బృందం ఊరుకుంది. అంతే కాదు, 1984 అక్టోబరు నుంచి రికార్డు చేసుకునేవారి కోసం హాల్లో ప్రత్యేకంగా సీట్లు కేటాయించింది. సొమ్ము చేసుకోకూడదన్నదే షరతు. అభిమానులు టేపులను అమ్ముకోకుండా ఒకరికొకరు కాపీ చేసి ఇచ్చుకునేవారు. కొత్తవాళ్ళు ఖాళీ టేపులూ తిరుగు తపాలా ఖర్చూ పంపితే, పాతవాళ్ళు వాటి మీద కచేరీ ఎక్కించి పంపేవారు. అంకుల్ కాలేజీ స్నేహితుడి అన్నయ్య అమెరికాలో చదువుతూ అలా సంపాదించిన టేపులకే షిల్లాంగ్‌లో కాపీలు, ఆ కాపీలకు మళ్ళీ కాపీలు. ప్రతి కాపీతో 'ఉస్స్' అనే శబ్దం కాస్త పెరిగేది.

మూడో విషయం మేము స్వయంగా కనిపెట్టామని కొంచెం గర్వంగా చెబుతున్నాము. టేప్‌రికార్డరు మోటారు వేగంగా తిరిగితే పాట తొందరగా అయిపోతుంది. కానీ అంతటితో పోదు. శ్రుతి కూడా పెరుగుతుంది. వేగం వందకు ఆరు వంతులు పెరిగితే శ్రుతి హార్మోనియం మీద సరిగ్గా పక్క మెట్టుకు ఎక్కుతుంది. ముప్పై నిమిషాల పాట 28 నిమిషాల 18 సెకన్లకే ముగుస్తుంది. అంకుల్ నోటుబుక్కులో ఒక ఎంట్రీ పక్కన 'వేగం?' అని ప్రశ్నార్థకం ఉంది. ఆయన ఏళ్ళ తరబడి దాన్ని తేల్చలేదు. మేము అమ్మ హార్మోనియం పెట్టె దింపి, ఆ క్యాసెట్టునూ మంచి క్యాసెట్టునూ ఒకదాని తరువాత ఒకటి పెట్టి, స్వరం పట్టి చూశాము. మంచి క్యాసెట్టులో ఆగే మెట్టు ఒకటి, దీనిలో దాని పక్క మెట్టు! అంటే ఆ క్యాసెట్టు వేగంగా ఎక్కించినది. పుస్తకంలోని నిడివి తప్పు.

చెప్పాలా వద్దా అని ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాము. పెద్దాయన, అంత శ్రద్ధగా రాసుకున్న పుస్తకం. పిల్లలు తప్పు పట్టుకున్నారంటే బాధపడతారేమోనని ఒకరి భయం. చెప్పకపోతే ఆ పుస్తకం ఎందుకని ఇంకొకరి మాట. చివరకు చెప్పాము. ఆయన హార్మోనియం పెట్టె దగ్గర నేల మీద కూర్చుని మూడుసార్లు విన్నారు. తరువాత జేబులోంచి పెన్ను తీసి పాత అంకె కొట్టేసి, కొత్త అంకె రాసి, రిమార్కు గడిలో మా ఇద్దరి పేర్లూ రాశారు. పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా మాకు అంత సంతోషం కలగలేదు.

ఇక్కడ ఆగి, ఎదుటివారి వాదన కూడా చెప్పాలి. నిడివులు పోల్చేవాళ్ళలో ఒక జబ్బు ఉంది. పొడవైనదే గొప్పది అనుకోవడం. 'నా దగ్గర 40 నిమిషాలది ఉంది', 'నా దగ్గర అంతకన్నా పెద్దది ఉంది' అనుకుంటూ పోతే అది సంగీతం కాదు, గోళీల లెక్క. ఆ జబ్బు మాకు కూడా కొన్నాళ్ళు పట్టింది. రాటర్‌డ్యామ్ పాట విని తీరాలని పట్టుబట్టి విన్నాము. గొప్పగానే ఉంది. కానీ దానిలో కొన్ని చోట్ల వాళ్ళు కూడా దారి వెతుక్కుంటున్నట్టు మాకు అనిపించింది. అన్నకు నచ్చినది 1972 ఆగస్టు 27 నాటిది. చెల్లెలికి నచ్చినది 1968 నాటి మూడు నిమిషాల లోపు రికార్డు. అంత చిన్న చోట అంత విచిత్రమైన పాటను ఇమిడ్చారు కదా అని ఆమె వాదన. ఇద్దరిలో ఎవరికీ అన్నిటికన్నా పొడవైనది నచ్చలేదు.

ఆ ఆగస్టు 27 కథ మాకు ఎందుకు నచ్చిందో చెప్పాలి. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో వెనీటా అనే ఊరు. అక్కడికి దగ్గరలోని ఒక పాల డెయిరీ, స్ప్రింగ్‌ఫీల్డ్ క్రీమరీ, డబ్బు ఇబ్బందుల్లో పడింది. దాన్ని నిలబెట్టడానికి ఈ బృందం కచేరీ చేసింది. టికెట్లు పెరుగు డబ్బాల లేబుళ్ళ మీద అచ్చువేశారు! ఆ రోజు ఎండ వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది, మన లెక్కలో 38 డిగ్రీలు. ఎండకు గిటార్ల శ్రుతి చెదిరిపోతూ ఉంటే మాటిమాటికీ సరిచేసుకుంటూ వాయించారు. ఆ పాట సుమారు 31 నిమిషాలు. ఇవన్నీ తెలిశాక 31 అన్నది మాకు వట్టి అంకె కాదు. డెయిరీ, ఎండ, సడలిపోయే తీగలు, అయినా ఆగని పాట, అన్నీ కలిసిన అంకె.

నోటుబుక్కులో మాకు మరీ నచ్చినది రాయని చోటు. 1984 జులై 13న బర్క్‌లీలో కచేరీ చివర ఈ పాట వాయించారు. ఆ తరువాత మళ్ళీ వాయించింది 1989 అక్టోబరు 9న, వర్జీనియా రాష్ట్రంలోని హ్యాంప్టన్‌లో. నడుమ అయిదేళ్ళ పైన మూడు నెలలు. అంకుల్ ఆ రెండు ఎంట్రీల మధ్య అయిదు వరసలు ఖాళీగా వదిలారు. హ్యాంప్టన్ రికార్డింగులో మొదటి స్వరాలు వినబడగానే జనం ఒక్కసారిగా అరిచిన అరుపు ఉంటుంది. ఆ అయిదు ఖాళీ వరసలు చూడకుండా ఆ అరుపు అర్థం కాదు. చివరిసారి వాయించింది 1994 మార్చి 30న అట్లాంటాలో. అదే చివరిదని అప్పుడు ఎవరికీ తెలియదు.

ఈ నిడివుల సంగతి బయటి దేశాలదే అనుకోవద్దు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోన్‌కు పాడినప్పుడు, గంటసేపు పాడదగిన రాగాన్ని మూడు నిమిషాల్లో ముగించాల్సి వచ్చింది. ఆమె దాన్ని ఒక కళగా చేసుకున్నారు. కర్ణాటక సంగీత కచేరీలో ఒకే కృతిని ఒక రోజు పది నిమిషాల్లో పాడినవారే, ఇంకో రోజు రాగాలాపన, నెరవు, స్వరకల్పనతో ముప్పావుగంట పాడతారు. కృతి మారదు, మనోధర్మం మారుతుంది. తెనాలిలో మా తాతగారితో ఈ మాట చెబితే ఆయన పకపకా నవ్వి, "మా నాటకాల సంగతి మీకేం తెలుసు!" అన్నారు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు అచ్చులో నాలుగు పాదాలే. స్టేజీ మీద కృష్ణుడి వేషగాడు రాగం ఎత్తుకుంటే ఎంతసేపైనా సాగేది. జనం 'వన్స్ మోర్' అంటే మళ్ళీ మొదటి నుంచి. ఏ ఊళ్ళో ఎవరు ఏ పద్యానికి ఎంత రాగం తీశారో తాతగారికి ఇప్పటికీ గుర్తే. ఆయన దగ్గర నోటుబుక్కు లేదు, అంతే తేడా. నోటుబుక్కు లేకపోవడం వల్ల ఆ లెక్క ఆయనతోనే ఉంది, మా దాకా రాలేదు. అది మాకు బాధగా ఉంది.

కొలిచి రాసుకున్నది ఇంకొకరికి ఎలా ఉపయోగపడుతుందో ఒక ఉదాహరణ. కెనడా సంగీతకారుడు జాన్ ఆస్వాల్డ్ ఈ బృందం టేపులలోంచి వందకు పైగా 'డార్క్ స్టార్'లను తీసుకుని, ముక్కలు అతికి, ఒకదాని మీద ఒకటి పేర్చి 'గ్రేఫోల్డెడ్' అనే కొత్త సంగీతం చేశాడు. 1994, 1995లలో రెండు డిస్కులుగా వచ్చింది. వేరు వేరు ఏళ్ళలో పాడిన గార్సియా గొంతులు అందులో కలిసి వినబడతాయి. టేపులను ఎవరూ దాచి ఉండకపోతే, వాటి మీద తేదీ, ఊరు ఎవరూ రాసి ఉండకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

అంకుల్‌కు బదిలీ వచ్చింది. సామాను సర్దే హడావిడిలో కూడా నోటుబుక్కును నాలుగు రోజులు మా దగ్గర ఉంచారు. మేము వంతులు వేసుకుని మొత్తం నకలు రాసుకున్నాము. ఆరు నెలలకు మాకూ బదిలీ వచ్చింది. కొత్త స్కూల్లో సెప్టెంబరులో చేరాము. అప్పటికే సెక్షన్లు, స్నేహాలు, బెంచీలు అన్నీ కుదిరిపోయి ఉన్నాయి. పాఠాలు సగంలో ఉన్నాయి. చెల్లెలు ఇంటికి వచ్చి నకలు పుస్తకం వెనక పేజీలో నాలుగు గడులు గీసింది. తేదీ, ఊరు, నిడివి, రిమార్కు. మేము చదివిన అయిదు స్కూళ్ళూ రాసింది. రెండేళ్ళు, పదకొండు నెలలు, మూడేళ్ళు, ఏడు నెలలు. కొత్త స్కూలు నిడివి గడి ఖాళీగా వదిలి, రిమార్కు గడిలో 'మొదలు లేదు' అని రాసింది. తరువాత ఆ ఏడు నెలల దాని కింద ఒక గీత గీసింది. ఉన్నది ఇంత, జరిగింది ఇంతకన్నా ఎక్కువ అన్నమాట. అన్నకు ఆ ఏడు నెలల్లోనే ఇప్పటికీ ఉత్తరాలు రాసే స్నేహితుడు దొరికాడు. మూడేళ్ళు ఉన్న ఊళ్ళో అలాంటివాడు దొరకలేదు.

అప్పుడు మాకు నాన్నగారి ప్రశ్నకు జవాబు దొరికింది. మనలాంటి పిల్లలను కొత్త ఊళ్ళో అందరూ అడిగే మొదటి ప్రశ్న 'అక్కడ ఎన్నాళ్ళున్నారు?' అనే. మనం ఒక అంకె చెబుతాము. వాళ్ళు 'అంతేనా' అనో 'అమ్మో, అన్నాళ్ళా' అనో అంటారు. అంకె మంచి ప్రశ్నకు మొదలు కావాలి. ఎక్కడ మొదలైంది, ఎక్కడ తెగింది, నడుమ ఏం జరిగింది అని తరువాతి ప్రశ్న అడిగేవారికే దాని విలువ తెలుస్తుంది. అడగనివారికి 48 అయినా 3 అయినా వట్టి అంకే. పాటలను కొలిచేవాళ్ళను పిచ్చివాళ్ళనకండి. కొలిచి ఊరుకున్నవాళ్ళతో మాత్రం వాదించండి.

మిత్రులకు చివరగా ఒక సూచన. మీకు గ్రేట్‌ఫుల్ డెడ్ నచ్చనక్కరలేదు. మీ ఇంట్లో పదే పదే వినబడే పాట ఏదో ఒకటి ఉంటుంది. మా ఇంట్లో కొత్త క్వార్టర్సులో చేరిన ప్రతిసారీ అమ్మ పాలు పొంగించి ఒక మంగళహారతి పాడుతుంది. అదే పాట, అదే గొంతు. కిందటిసారి మొదటిసారిగా గడియారం చూసి రాశాము. 2 నిమిషాల 10 సెకన్లు. రిమార్కు: 'సామాన్ల లారీ వచ్చింది, చివరి చరణం లేదు'. నాన్నగారు ఆ పేజీ చూశారు. ఏమీ అనలేదు. తరువాతి బదిలీకి మాత్రం లారీని ఒక గంట ఆలస్యంగా రమ్మంటానన్నారు.